వైకింగుల కాలంలో బానిసలు: చట్టాల్లో దొరికేదెంత, సాగాల్లో దొరికేదెంత?

పాతతాళపత్రం

వైకింగుల (అప్పటి డెన్మార్క్, నార్వే, స్వీడన్ సముద్ర యోధుల) పడవల మీద నడుస్తున్న చర్చలో ఒకరు "వైకింగుల్లో గొప్పా బీదా తేడా లేదు, థింగ్ అనే సభలో అందరూ కూర్చుని తీర్పులు చెప్పుకునేవారు" అని రాశారు. అక్కడ జవాబిస్తే పడవల సంగతి పక్కకి పోతుంది, అందుకే ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నాను.

థింగ్ సభ ఉన్నమాట నిజమే. ఐస్‌లాండ్‌లో 930 ప్రాంతంలో అల్థింగ్ ఏర్పడింది. కానీ ఆ "అందరూ" ఎవరు? స్వతంత్రులు, అందులోనూ ఇల్లూ పొలం ఉన్న మగవాళ్ళు. వాళ్ళ పొలాలకి పేడ మోసినవాళ్ళు, పందులూ మేకలూ కాసినవాళ్ళు, పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వినవాళ్ళు ఆ సభలో లేరు. వాళ్ళని పాత నార్స్ భాషలో థ్రాల్ అన్నారు, ఆడవాళ్ళనైతే అంబాట్.

వీళ్ళెక్కడినుంచి వచ్చారన్నది బాధితుల వైపు రాతల్లోనే ఉంది. ఐర్లాండ్‌లో సన్యాసులు రాసిపెట్టిన అల్‌స్టర్ వార్షికాల్లో (ఏడాదివారీ చరిత్రలో) 821 కింద, డబ్లిన్ పక్కన ఇప్పటి హౌత్ మీద పడి చాలామంది ఆడవాళ్ళని ఎత్తుకెళ్ళారని ఉంది. 871లో ఓలాఫ్, ఐవర్ అనే ఇద్దరు రాజులు స్కాట్లాండ్ నుంచి 200 ఓడలతో డబ్లిన్‌కి తిరిగొచ్చారు. వెంట తెచ్చినవాళ్ళలో ఆంగ్లులు, బ్రిటన్లు, పిక్టులు (బ్రిటన్ దీవిలోని మూడు జాతులు) ఉన్నారు.

పట్టుకొచ్చాక ఏమయ్యారు అన్నదగ్గరే ఆధారాలు పలచబడతాయి. నాకు తెలిసినంతలో మూడు దారులున్నాయి: చట్టాలు, సాగాలు (ఐస్‌లాండ్ వాళ్ళు తర్వాత రాసుకున్న పూర్వీకుల కథలు), తవ్వకాలు. నా ఓటు చట్టాలకి. సాగాలు కథ చెబుతాయి, చట్టం మాత్రం తగువు ఎక్కడ పుట్టిందో చెబుతుంది. మీరేమంటారు?

శనగపప్పు

వైకింగుల సీరియల్‌లో బానిసలందరికీ మెడలో ఇనుప పట్టీ ఉంటుంది కదండీ. నిజంగా అలాంటివి దొరికాయా, లేక డైరెక్టర్ గారి సరదానా?

ఉత్తరపుగాలి

దొరికాయి. స్వీడన్‌లో బిర్కా, అప్పటి డేన్ల (డెన్మార్క్ వాళ్ళ) దక్షిణపు సరిహద్దులో ఉన్న హెడెబీ, ఐర్లాండ్‌లో డబ్లిన్. మూడూ వర్తక రేవులే కావడం గమనించండి. ఒక్కో సంకెల మనిషికి వేసిందా, కుక్కకి వేసిందా అని ఇప్పటికీ వాదించుకుంటారు. మనిషికే అనుకున్నా, నేరస్థుడికా, అమ్మకానికి తెచ్చిన బందీకా అన్నది ఇనుము చెప్పదు. ఇంట్లో పనిచేసే బానిస రోజంతా సంకెలతో తిరిగాడని నేనైతే నమ్మను. సంకెల పడవ ప్రయాణానికీ సంతకీ సంబంధించింది.

రాతల్లో మెడ గొలుసు ఒకచోట స్పష్టంగా కనిపిస్తుంది. రింబర్ట్ అనే ఆర్చిబిషప్ 9వ శతాబ్దంలో హెడెబీ వెళ్ళినప్పుడు మెడలకి గొలుసులేసిన క్రైస్తవ బందీల వరస చూశాడట. అందులో ఒక సన్యాసిని ఆయన్ని చూసి కీర్తనలు పాడింది. అమ్మేవాళ్ళు ఇంకేదీ పుచ్చుకోమంటే, తనెక్కిన గుర్రాన్నే జీనుతో సహా ఇచ్చి ఆమెని విడిపించాడు. అది మహిమల కథ కాబట్టి గొలుసు దానంతటదే తెగిపోవడం లాంటివీ అందులో ఉన్నాయి. కానీ సంతలో బందీల వరస అన్నది ఆనాటి చదువరికి వింతగా అనిపించలేదు. మనకి కావలసింది ఆ భాగం.

ఇంకోటి: స్కాట్లాండ్‌లో ఇంచ్‌మార్నక్ అనే చిన్న దీవిలో ఒక పలక దొరికింది, సుమారు 800 నాటిది. దాని మీద ఎవరో గీకిన బొమ్మలో ఓడ, కవచాలేసుకున్న యోధులు, వాళ్ళు లాక్కుపోతున్న ఒక మనిషి ఉన్నారు. అందరూ అలాగే చదవరు, కానీ మఠంలో కూర్చున్నవాడు గీసిన దాడి దృశ్యం అనే మాట బలంగానే ఉంది.

అనుమానంపక్షి

తాళపత్రం గారూ, చట్టాలకి ఓటేశారు సరే. ఆ చట్టాల ప్రతులు ఎప్పటివి? ఐస్‌లాండ్ చట్టం గ్రాగాస్ పెద్ద ప్రతులు రెండూ 1260, 1270 ప్రాంతాలవి. పడమటి నార్వే ప్రాంతపు గులాథింగ్ చట్టం దాదాపు పూర్తిగా మిగిలిన ప్రతి 1250 ప్రాంతపుది. వైకింగ్ యుగం 11వ శతాబ్దం మధ్యలోనే ముగిసిందంటారు. అంటే రెండొందల ఏళ్ళ తర్వాత, క్రైస్తవులైన రాతగాళ్ళు, అదీ యజమానుల మనవలు, రాసిపెట్టుకున్న పుస్తకం. ఐస్‌లాండ్‌లో బానిసలు 12వ శతాబ్దం మొదట్లోనే కనుమరుగయ్యారంటారు. లేని బానిసల మీద చట్టం ఎందుకు రాసుకున్నారు? సాగాలని "తర్వాతి రాతలు" అని పక్కన పెట్టి, అదే వయసున్న చట్టాలని మాత్రం నెత్తిన పెట్టుకోవడం ఏం న్యాయం?

గుంటూరుప్లీడర్

పక్షి గారి ప్రశ్నకి వృత్తిరీత్యా నేను జవాబు చెప్పాలి.

చచ్చిపోయిన సెక్షన్లు పుస్తకంలో బతికుండటం మాకు కొత్త కాదు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 310వ సెక్షన్ "ఠగ్" అంటే ఎవరో నిర్వచిస్తుంది. ఠగ్గుల్ని అణిచేసింది ఆ కోడ్ రాకముందే. అయినా 2024 జులైలో కొత్త సంహిత వచ్చేదాకా ఆ సెక్షన్ అక్కడే ఉంది. కాబట్టి 1260 ప్రతిలో బానిసల మాట ఉంటే 1260లో బానిసలు ఉన్నట్టు కాదు. తీసేయడానికి ఎవరూ పూనుకోలేదని మాత్రమే. అంటే ఆ నిబంధన పాతదయ్యే అవకాశమే ఎక్కువ. లేని బానిసల కోసం కొత్తగా ఎవరు రాస్తారు?

పైగా ఐస్‌లాండ్‌లో చట్టం మొదట కాగితం మీద లేదు. చట్టం వల్లించే అధికారి ఒకరుండేవారు. ఏటా వేసవిలో అల్థింగ్‌లో మూడోవంతు చొప్పున మూడేళ్ళలో మొత్తం అప్పజెప్పాలి. 1117-18 చలికాలంలో హాఫ్లిడి మాసన్ అనే పెద్దమనిషి ఇంట్లో కూర్చుని మొదటిసారి రాయించారు. ఈ సంగతి ఆ తరంలోనే బతికిన అరి థోర్గిల్సన్ నమోదు చేశాడు. అలా చూస్తే ప్రతి 1260దైనా, సరుకులో కొంత భాగానికి 1118 దాకా ఆనవాలు దొరుకుతుంది. అంతకు ముందుకి వెళ్ళాలంటే జాగ్రత్త కావాలి, ఒప్పుకుంటాను.

ఇక నిబంధనలు చూడండి. తన బానిసని తానే చంపితే గ్రాగాస్ ప్రకారం శిక్ష లేదు. కానీ ఈస్టర్ ముందు వచ్చే పెద్ద ఉపవాస దినాల్లో గానీ, చట్టం గుర్తించిన పండగ రోజుల్లో గానీ చంపితే దేశబహిష్కారం. ఇందులో రెండు పొరలున్నాయి. అడుగున పాత హక్కు: నా సొత్తు, నా ఇష్టం. పైన క్రైస్తవం వచ్చాక వేసిన అతుకు. ఆ అతుకు కూడా బానిస ప్రాణం కోసం వేసింది కాదు, పండగ పవిత్రత కోసం. క్రైస్తవ రాతగాడు నిజంగా పాతదాన్ని చెరిపి రాసుకునుంటే ఇంత వికారంగా మిగలనిచ్చేవాడా?

రెండోది నాకు ఇంకా ఆసక్తి. ఒక్క విషయంలో బానిసకి స్వతంత్రుడి కంటే ఎక్కువ హక్కుందని గ్రాగాసే అంటుంది. బానిస తన భార్య జోలికి వచ్చినవాణ్ణి చంపొచ్చు, ఆమె కూడా బానిసే అయినా సరే. అదే స్వతంత్రుడు, ఒక బానిస స్త్రీతో కాపురం చేస్తున్నా, ఆమె కోసం చంపడానికి వీల్లేదు. ఇలాంటి వాక్యం ఊహలోంచి పుట్టదు. ఎప్పుడో ఎక్కడో ఒక కేసు నడిచి ఉండాలి, ఇరువైపులా వాదించి ఉండాలి. సాగాలో ఇది కనపడదు, ఎందుకంటే బానిస దంపతుల పరువు సాగా వినేవాళ్ళకి కథావస్తువు కాదు.

ఉత్తరపుగాలి

ప్లీడర్ గారికి చిన్న బలం. వైకింగ్ యుగంలోనే చట్టం మాటలు స్థిరపడ్డాయనడానికి ఒక వస్తువుంది. స్వీడన్ ఉత్తర భాగం హెల్సింగ్‌లాండ్‌లో ఫోర్సా చర్చి తలుపుకుండే ఇనుప కడియం. దాని చుట్టూ రూన్ లిపిలో (అప్పటి ఉత్తరాది అక్షరాల్లో) జరిమానాలు: మొదటిసారి తప్పుకి ఒక ఎద్దు, 2 ఔరార్ల (ఔరార్ అప్పటి తూకం) వెండి. రెండోసారికి రెండెద్దులు, 4 ఔరార్లు. మూడోసారికి నాలుగెద్దులు, 8 ఔరార్లు, ఆపైన ఆస్తి మొత్తం. అది మధ్యయుగపుదని చాలాకాలం అనుకున్నారు. రూన్‌లని మళ్ళీ పరిశీలించి 9-10 శతాబ్దాలదని 1979లో వాదించారు, ఇప్పుడు ఎక్కువమంది అదే మాట. బానిసల ఊసు అందులో లేదు. కానీ మెట్టు మెట్టుగా పెరిగే జరిమానా, రాతలో పెట్టిన చట్టం ముందే ఉన్నాయి.

భాషాప్రియ

చట్టం, బానిసత్వం మాట్లాడుతున్నారు, మధ్యలో భాష ఎక్కడుందో నేను చెబుతాను.

డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఐస్‌లాండ్ వాళ్ళందరూ తమ భాషని అప్పట్లో "డేనుల నాలుక" అనేవారు. ఇది ఊరికే పేరు కాదు, గ్రాగాస్‌లో అర్హత కింద వాడారు. చిన్నప్పటినుంచి ఆ నాలుక మాట్లాడనివాడిని, ఐస్‌లాండ్‌లో మూడు చలికాలాలో అంతకంటే ఎక్కువో గడిపితే తప్ప, న్యాయనిర్ణేతగా పెట్టకూడదు. హత్య కేసుల్లోనూ విదేశీయుల్ని భాషని బట్టి విడదీశారు. మన నాలుక మాట్లాడే రాజ్యాల నుంచి వచ్చినవాడు చస్తే అతని బంధువులకి కేసు పట్టే హక్కు ఒక రకం, మిగతా దేశాలవాళ్ళకి ఇంకో రకం.

ఇప్పుడు ఐర్లాండ్ నుంచి పట్టుకొచ్చిన పదేళ్ళ పిల్లని ఊహించుకోండి. థింగ్‌లో సాక్ష్యం చెప్పే హోదా ఎలాగూ లేదు. దానికి తోడు అక్కడ నడిచేదంతా నోటిమాట చట్టం. ఏ మాట ఎలా పలకాలో, ఏ సూత్రం ముందు చదవాలో తప్పితే కేసే పోతుంది. నోటితో నడిచే న్యాయంలో నోరు తిరగనివాడు రెండుసార్లు బయటివాడు. వాళ్ళ పిల్లలు మాత్రం ఆ నాలుకతోనే పెరిగారు. ఐర్లాండ్ నుంచి అంతమంది వచ్చినా ఐస్‌లాండిక్‌లో గేలిక్ (ఐరిష్ వాళ్ళ భాష) మాటలు మహా అయితే గుప్పెడు, కొన్ని మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు. తల్లి భాష ఒక తరంలోనే ఇంట్లోంచి పోయిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అనుమానంపక్షి

భాష పోవడానికి బానిసత్వమే కారణం అనక్కర్లేదు. వలస వెళ్ళిన ఏ అల్పసంఖ్యాకుల భాషైనా పోతుంది. న్యూజెర్సీలో మన పిల్లల్ని అడగండి.

భాషాప్రియ

న్యూజెర్సీలో తల్లి ఇంట్లో తెలుగులో తిడుతుంది, పక్కింట్లో ఇంకో తల్లి ఉంటుంది, ఉగాదికి అందరూ కలుస్తారు. బానిస తల్లికి ఆ రెండోదీ మూడోదీ లేవు.

పాతతాళపత్రం

మంచి ఊపులో ఉన్నారు. నేను విముక్తి వైపు వెళ్తాను, ఎందుకంటే నార్వే చట్టాలు అసలు నోరు విప్పేది అక్కడే.

గులాథింగ్ చట్టంలో బానిసని విడిచిపెట్టడానికి ఒక తంతు ఉంది, స్వేచ్ఛా విందు అనొచ్చు. విడుదలయ్యేవాడు కనీసం 3 కొలతల మాల్ట్‌తో (మొలకెత్తించిన బార్లీతో) బీరు కాయించాలి. ఉత్తరాన ఫ్రోస్తాథింగ్ ప్రాంతపు చట్టంలో బీరు కొలత ఇంకా ఎక్కువ, అక్కడ ఒక పొట్టేలుని కూడా కోయించాలి. దాని తల నరికేది పుట్టుకతో స్వతంత్రుడైన మనిషే కావాలి. అప్పుడు యజమాని "మెడ విడుదల" సొమ్ము పుచ్చుకుంటాడు, మెడ మీదనుంచి తీసుకుంటాడని చట్టం మాట.  పొట్టేలు తల నరకడం ఆ మనిషి పాత బతుకు తెంచడమా, పూర్వం ఏదైనా బలి ఆచారమా అని పండితులు రకరకాలుగా అన్నారు.

విందు ఇవ్వకపోతే? అప్పుడూ విడుదలే, కానీ సగం విడుదల. తన బేరాలు తాను చేసుకోవాలన్నా, తన పెళ్ళి తాను నిర్ణయించుకోవాలన్నా విందు ఇచ్చి తీరాలి. ఇచ్చాక కూడా పాత యజమాని పట్ల కొన్ని విధులు మిగులుతాయి. అతని మీద కుట్రలో చేరకూడదు, అతని శత్రువుల వైపు నిలబడకూడదు, అతని మీద దావా వేయకూడదు. తప్పితే "మునుపు కూర్చున్న చోటికే" పోయి మళ్ళీ డబ్బు కట్టి బయటపడాలి.

అసలు భయంకరమైంది ఇప్పుడు. విందు ఇచ్చిన విముక్తుడు, విందు ఇచ్చిన విముక్తురాలు పెళ్ళాడారు. పిల్లలకి ఇద్దరి ఆస్తీ వస్తుంది. కానీ ఆ కుటుంబం దివాలా తీసి తిండికి లేకపోతే? చర్చి ఆవరణలో ఒక గొయ్యి తవ్వి ఆ పిల్లల్ని అందులో పెట్టాలి. అందరికంటే ఎక్కువసేపు బతికిన ఒక్కరిని పాత యజమాని బయటకి తీసి పోషించాలి. గులాథింగ్ చట్టం 63వ అధ్యాయం. ఎవరైనా అతిశయోక్తి అనుకుంటారేమోనని సంఖ్య ఇస్తున్నా.

శనగపప్పు

నేను ఇనుప పట్టీ గురించి అడిగినవాణ్ణి. ఇది చదివాక అన్నం సయించలేదు. చర్చి ఆవరణలోనా? క్రైస్తవం వచ్చాకనా??

అనుమానంపక్షి

చర్చి ఆవరణ అని ఉందంటేనే ఆ రూపం క్రైస్తవం వచ్చాకది. కానీ ఇలా ఒక్క కుటుంబానికైనా జరిగిందని ఎక్కడా రుజువు లేదు. సాగాల్లో లేదు, తవ్వకాల్లో లేదు. బెదిరింపు కోసం రాసుకున్న వాక్యం కావచ్చు. చట్టంలో ఉంది కాబట్టి జరిగింది అనడం, జరిగింది కాబట్టి చట్టంలో ఉంది అనడం రెండూ తేలిక.

గుంటూరుప్లీడర్

జరిగిందా లేదా అన్నది పక్కన పెట్టి, ఆ నిబంధన ఏ ప్రశ్నకి జవాబో చూద్దాం. ప్రశ్న చాలా మామూలుది: వీళ్ళకి తిండి ఎవరు పెట్టాలి?

ఆ సమాజంలో బీదవాడి పోషణ బంధువుల బాధ్యత. ఐస్‌లాండ్‌లో అయితే బంధువులు లేకపోతే ఊరి రైతుల సంఘం మీద పడుతుంది. బానిసకి చట్టం దృష్టిలో బంధువులే లేరు. తండ్రి లేడు, బాబాయి లేడు. యజమాని ఉన్నాడు. అతను బానిసగా ఉన్నంతకాలం తిండి యజమాని లెక్క. విందు ఇవ్వకుండా విడిపించాడంటే పట్టు పోలేదు, కాబట్టి భారమూ పోలేదు. విందు ఇచ్చి పూర్తిగా విడిపించాడంటే పట్టూ పోయింది, భారమూ పోయింది. మరి ఆ పిల్లలు ఎవరి ఖాతా? ఎవరి ఖాతా కాదు. గొయ్యి అక్కడినుంచి వచ్చింది. చివర్లో ఒక్కణ్ణి తీసి యజమానే పోషించాలనడం చూస్తే, చట్టం రాసినవాళ్ళకి కూడా భారం పూర్తిగా వదిలించడం మింగుడుపడలేదని తెలుస్తోంది. యజమానులు తమలో తాము బేరమాడుకున్నారు: మొత్తం కుటుంబం మోయలేం, ఒకర్ని మోస్తాం.

అందుకే "విముక్తి" అన్నప్పుడల్లా సంతోషపడే రచయితల మీద నాకు విసుగు. ముసలి బానిసని వదిలించుకోవడం కూడా విముక్తే. చాలామంది సగం విడుదల దగ్గరే ఆగిపోయి ఉంటారని నా అనుమానం, మాల్ట్ కొనలేక మాత్రమే కాదు, ఆగిపోతే కనీసం గంజికి ఢోకా ఉండదు కనక.

పాతతాళపత్రం

ఈ కోణం నాకు తట్టలేదు, చాలా బాగుంది. రూత్ మేజో కరాస్ 1988 నాటి తన పరిశోధనలో గట్టిగా పట్టుకున్నదీ ఇంచుమించు ఇలాంటిదే. పని చూస్తే బానిసకీ, బీద కూలివాడికీ తేడా పెద్దగా లేదు. ఇద్దరూ అదే పేడ మోశారు. తేడా అంతా గీతలో ఉంది, స్వతంత్రుడు తానెవరో చెప్పుకోవడానికి ఆ గీత కావాలి. స్టెఫాన్ బ్రింక్ 2021లో ఇంకో వైపునుంచి వచ్చాడు: బానిస అనే ఒకే మూస లేదు, నానారకాల పరాధీనులు ఉన్నారు. ఎస్టేటు చూసే, బ్రితి అనే ఉద్యోగంలో ఉన్నవాడు బానిస మూలం నుంచి వచ్చి రాజు దగ్గర పెత్తందారు అయ్యాడు. స్వీడన్‌లో అడెల్సో దీవిలోని రాతి మీద రాజుగారి బ్రితి పేరు దర్జాగా చెక్కి ఉంది.

ఉత్తరపుగాలి

సాగాలని మరీ తోసేయకండి. నేను ఉండేది గోథెన్‌బర్గ్. ట్రామ్ దిగి పడవెక్కితే బ్రన్నో దీవి వస్తుంది, వేసవిలో జనం ఐస్‌క్రీమ్ తింటూ తిరుగుతారు. లక్స్‌డైలా సాగాలో బానిసల సంత జరిగిన బ్రెన్ దీవులు ఇవేనంటారు.

హోస్కుల్ద్ అనే ఐస్‌లాండ్ రైతు కలప కోసం నార్వే వచ్చి అక్కడికి వెళ్తాడు. గుడారంలో "రష్యన్" గిల్లి అనే వర్తకుడు తెర ఎత్తి చూపిస్తే పన్నెండుమంది ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. మిగతావాళ్ళ ధర ఒక మార్కు వెండి. చివర కూర్చున్న అమ్మాయి మాత్రం మూడు మార్కులు, పైగా మూగది అని వర్తకుడే చెప్పేస్తాడు. హోస్కుల్ద్ కొంటాడు. కొన్నేళ్ళకి ఒక ఉదయం వాగు పక్కన ఆమె తన కొడుకుతో మాట్లాడుతుంటే వింటాడు. ఆమె మెల్‌కోర్కా, ఐర్లాండ్ రాజు కూతురు, పదిహేనేళ్ళప్పుడు పట్టుకొచ్చారు. ఆ కొడుకే తర్వాత నెమలి ఓలాఫ్ అని పేరుపడ్డ గొప్పవాడు.

రాజు కూతురన్నది వంశ గౌరవం కోసం వేసిన మెరుగు అనుకుందాం. నేనూ అలాగే అనుకుంటా. 13వ శతాబ్దపు పెద్ద కుటుంబాలు ముత్తవ్వ బానిస అని దాచలేక రాకుమారిని చేశాయి. కానీ దాచలేకపోయారన్నదే ముఖ్యం కదా. ధరల తేడా, తెర ఎత్తి చూపించడం, సరుకులో లోపం ముందే చెప్పడం ఇవి కల్పించినా, కల్పించినవాడికి సంత వ్యవహారం తెలుసు. ఆమె భాష సంగతి భాషాప్రియ గారు గమనించే ఉంటారు. మూగతనం అన్నది ఆమె చేతిలో మిగిలిన ఒకే ఒక్క ఆస్తి.

కృష్ణాతీరం

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. ఐస్‌లాండ్ వాళ్ళ జన్యువుల్లో ఈ ఐరిష్ ఆడవాళ్ళు కనిపిస్తారని ఎక్కడో విన్నాను. అది ఎంతవరకు నిజం?

పాతతాళపత్రం

కనిపిస్తారు. 2000, 2001లో వచ్చిన అధ్యయనాల ప్రకారం ఐస్‌లాండ్ స్థాపక తరంలో మగవైపు గొలుసు నాలుగింట మూడొంతులు, అంతకు కాస్త ఎక్కువే, స్కాండినేవియాది. తల్లివైపు గొలుసు మాత్రం అరవై శాతం పైగా బ్రిటన్, ఐర్లాండ్ దీవులది. 2018లో ఆ తొలి కాలపు ఎముకల నుంచే 27 మంది జన్యుపటాలు తీశారు. మొదటి తరాల్లో నార్స్, గేలిక్ మూలాలు కలగలిసి ఉన్నాయని అక్కడా తేలింది.

అనుమానంపక్షి

తల్లివైపు గేలిక్ అంటే బానిస అని చదవకండి, అదే నా విన్నపం. స్కాట్లాండ్ పడమటి హెబ్రిడీస్ దీవుల్లో నార్స్ వాళ్ళు స్థిరపడి అక్కడి ఆడవాళ్ళని పెళ్ళాడి, ఆ తర్వాత కుటుంబాలతో ఐస్‌లాండ్ వెళ్ళారు. ఔద్ అనే సంపన్న వితంతువు స్కాట్లాండ్ నుంచి తన మనుషుల్ని వెంటేసుకుని వచ్చి, తన బానిసలకి విడుదలతోపాటు భూములిచ్చిందని లాండ్‌నామాబోక్ (ఐస్‌లాండ్‌లో మొదట స్థిరపడినవాళ్ళ గురించిన పుస్తకం) చెబుతుంది. భార్య, ఉంపుడుగత్తె, దాసి ముగ్గురూ జన్యువులో ఒకేలా ఉంటారు.

అదే పుస్తకంలో హ్యోర్లీఫ్ కథ కూడా ఉంది. ఉన్నది ఒక్క ఎద్దే కాబట్టి నాగలి ఐరిష్ బానిసలతో లాగించాడు. వాళ్ళు ఎద్దుని చంపి, ఎలుగుబంటి చంపిందని చెప్పి, వెతకడానికి వచ్చినవాళ్ళని ఒక్కొక్కరిగా మట్టుపెట్టి దీవుల్లోకి పారిపోయారు. అతని బావ ఇంగోల్ఫ్ వెంటాడి చంపాడు. ఐర్లాండ్ వాళ్ళని పడమటివాళ్ళు అనేవారు గనక ఆ దీవులు ఇప్పటికీ వెస్ట్‌మన్ దీవులే. ఐస్‌లాండ్‌లో ఎలుగుబంట్లు ఉండవని హ్యోర్లీఫ్‌కి ఇంకా తెలియకపోవడం ఒక్కటే ఆ కథలో నేను నమ్మే భాగం.

భాషాప్రియ

రీగ్స్‌థులా అనే పాత నార్స్ పద్యం గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి?

రీగ్ అనే దేవుడు మూడిళ్ళలో బస చేస్తాడు. ముత్తవ్వ ఇంట్లో పుట్టినవాడు థ్రాల్, అవ్వ ఇంట్లో కార్ల్, తల్లి ఇంట్లో యార్ల్. అంటే బానిస, రైతు, దొర. థ్రాల్‌కి ముడతల చర్మం, వంగిన వీపు, లావు వేళ్ళు, పొడుగు మడమలు. యార్ల్‌కి బంగారు జుట్టు, పాము కళ్ళ చురుకు. పిల్లల పేర్లు కూడా థ్రాల్ ఇంట్లో అన్నీ తిట్లలాంటివే.

మోడరేటర్

దీని తర్వాత వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. "మన వర్ణాలకి వాళ్ళే కాపీ, కాదు వాళ్ళకే మనం కాపీ" అనే గొడవ ఇక్కడ వద్దు.

పాతతాళపత్రం

గొడవ వద్దు గానీ పోలిక మాత్రం నిజంగా పండితులు చేసిందే. ఫ్రెంచి పండితుడు జార్జ్ డ్యుమెజీల్ 1958లో ఈ పద్యాన్ని ఇండో-యూరోపియన్ సమాజ విభజనతో, మన వర్ణాలతో కూడా పక్కపక్కన పెట్టి చూశాడు. చిక్కు ఎక్కడంటే పద్యంలో పురోహితుడే లేడు, అడుగున బానిస ఉన్నాడు. పురోహితుడి పనులు దొరల, రాజుల వైపుకి జరిగాయని సర్దిచెప్పాల్సి వచ్చింది. పద్యం ఉన్నది 14వ శతాబ్దపు ఒకే ఒక్క ప్రతిలో, అదీ చివర తెగిపోయి. 10వ శతాబ్దమనేవాళ్ళూ, 13వదనేవాళ్ళూ ఉన్నారు. నాకైతే అది బానిసల బతుకు కాదు, బానిసని చూసి దొర నవ్వుకున్న నవ్వు. ఒంటిని చూసి పుట్టుకని నిర్ణయించే ఆ ధోరణికి మాత్రం అది గట్టి సాక్ష్యం. పేడ మోసిన వీపు వంగుతుంది. పద్యం ఆ వంపుని పుట్టుకలో పెట్టింది.

ఉత్తరపుగాలి

ఒంటి మాట వచ్చింది కాబట్టి ఎముకల దగ్గరకి వెళ్దాం. నార్వేలో లోఫోటెన్ దీవుల్లో ఫ్లాక్‌స్టాడ్ అనే చోట కొన్ని సమాధుల్లో ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారు. ఒకరు మొత్తం దేహంతో, పక్కన తల లేని దేహాలు. 2014లో ఎముకల్లోని ఐసోటోపులు (తిన్న తిండిని బట్టి మారే పరమాణు రకాలు) చూస్తే, తల లేనివాళ్ళ తిండి పక్కవాడి తిండిలా లేదు, చేపల పాలు ఎక్కువ. పరిశోధకులు బానిసలు కావచ్చన్నారు, "కావచ్చు" అనే మాట వదల్లేదు. ఐల్ ఆఫ్ మాన్‌లో బాలటేర్ దిబ్బలో యోధుడి మీద ఒక యువతి అస్థిపంజరం, పుర్రె వెనక కత్తివేటు. 922లో వోల్గా ఒడ్డున రూస్ (తూర్పు వైపు వెళ్ళిన వైకింగులు) నాయకుడి అంత్యక్రియల్లో బానిస పిల్లని చంపడం బాగ్దాద్ నుంచి వచ్చిన ఇబ్న్ ఫద్లాన్ కళ్ళారా చూసి రాశాడు. ఇక్కడ మాత్రం రాత, ఎముక ఒకే వైపు చూపిస్తున్నాయి.

రెండోవైపు కూడా చెప్పాలి. డెన్మార్క్‌లో హోర్నింగ్ రాయి, సుమారు 1000వ సంవత్సరం. టోకి అనే కమ్మరి, గుడ్మున్ కొడుకు థోర్గిస్ల్ పేర దాన్ని నిలిపాడు, "తనకి బంగారమూ స్వేచ్ఛా ఇచ్చినవాడు" అని. బానిసగా బతికి బయటపడ్డ మనిషి సొంత పేరుతో మాట్లాడిన రాయి ఇదొక్కటే నాకు తెలిసి.

గుంటూరుప్లీడర్

కమ్మరి కాబట్టి. చేతిలో పనుంది. పేడ మోసినవాడికి రాయి చెక్కించే స్తోమత ఎక్కడిది?

కృష్ణాతీరం

చివరికి ఇది ఎలా పోయింది? చర్చి రద్దు చేయించిందా?

పాతతాళపత్రం

చర్చి బానిసల్ని విడిపించడం పుణ్యమంది, బానిసలు ఉండటం పాపమనలేదు. గులాథింగ్ వాళ్ళు ఏటా ఒక బానిసని ఉమ్మడి ఖర్చుతో విడిపించాలని క్రైస్తవ చట్టంలో రాసుకున్నారు. ఏటా ఒక్కడు! ఐస్‌లాండ్‌లో రద్దు చట్టమే లేదు. భూమిని చిన్న కమతాలు చేసి కౌలుకిస్తే, ఏడాది పొడుగునా బానిసకి తిండి పెట్టడం కంటే లాభమని రైతులకి తెలిసొచ్చింది. కొత్త బందీల రాక కూడా తగ్గింది. నార్వేలో 1274 నాటి మాగ్నస్ రాజు దేశచట్టంలో బానిసల నిబంధనలే కనిపించవు. స్వీడన్‌లో మాత్రం 1335లో మాగ్నస్ ఎరిక్‌సన్ స్కారాలో శాసనం చేశాడు: వెస్టర్‌గోట్‌లాండ్, వేరెండ్ ప్రాంతాల్లో క్రైస్తవ తల్లిదండ్రులకి పుట్టిన ఎవరూ ఇకమీదట బానిస కారు.

గుంటూరుప్లీడర్

"పుట్టిన" అంటే అప్పటికే ఉన్నవాళ్ళ సంగతి తేల్చలేదు. నార్వే పద్ధతి చూస్తే మన 1843 నాటి 5వ చట్టం గుర్తొస్తోంది. అదీ బానిసత్వాన్ని రద్దు అనలేదు, కోర్టులు ఆ హక్కుని గుర్తించవు అని ఊరుకుంది. మనిషిని బానిసగా కొనడం, అమ్మడం నేరమైంది 1860 కోడ్‌తోనే.

శనగపప్పు

డబ్లిన్ సంత ఎప్పుడు మూతపడింది? అక్కడ అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళు అందరూ వైకింగులేనా?

పాతతాళపత్రం

కాదు. ఐరిష్ రాజులు కూడా యుద్ధంలో పట్టుకున్న సాటి ఐరిష్ వాళ్ళని అక్కడ అమ్మారు. ఇంగ్లండ్ వైపు బ్రిస్టల్ రేవు వర్తకులు సొంత దేశస్థుల్నే ఐర్లాండ్‌కి ఎగుమతి చేశారు. వూస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టన్ అక్కడే మకాం వేసి 11వ శతాబ్దం చివర్లో దానికి వ్యతిరేకంగా బోధించాడు. 1102లో వెస్ట్‌మిన్‌స్టర్ చర్చి సభ, మనుషుల్ని పశువుల్లా అమ్మకూడదని తీర్మానించింది. ఇంగ్లండ్‌నేలే నార్మన్లు ఐర్లాండ్ మీద దిగాక, 1170లో అక్కడి అర్మాలో కూడిన చర్చి సభ, ఇంగ్లీషు బానిసల్ని కొన్న పాపానికే ఈ శిక్ష అని తేల్చి వాళ్ళని విడిచిపెట్టమంది. డబ్లిన్ మీద విడిగా రాయాలి, ఈ వారంలో కొత్త చర్చ తెరుస్తా.